సముద్రానికి మేత

అయిదో సీసా తాలూకు ఎలుక నాలుగు నిమిషాల్లో చచ్చిపోయింది.

మిగతా ఎలుకలు గూళ్ళలో శనగలు కొరుక్కుంటూనే ఉన్నాయి. ఇది మాత్రం ముందు మూతి రుద్దుకుంది. తర్వాత వెనకకాళ్ళు ఈడ్చింది. ఆ తర్వాత కళ్ళు తెరుచుకుని ఉండగానే దాని పొట్ట ఎగరడం మానేసింది. సీసాలు కడిగే కొర్లమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుని దగ్గరికొచ్చి చూసింది. పదకొండేళ్ళ నుంచి ఆ పరిశోధనశాలలో పనిచేస్తున్న మనిషి. చచ్చిన ఎలుకలు ఆమెకి కొత్త కాదు. ఇంత నిమ్మళంగా చచ్చినదాన్ని మాత్రం ఇదే చూడడం.

"ఏటమ్మా, దీనికేటెట్టినావు?"

"ఆ సీసాలో మూడు రోజులు పెంచిన ఏటిగుల్ల మాంసం నూరి, ఆ రసం ఒక్క చుక్క ఎక్కించాను. అంతే," అంది డాక్టర్ వసుమతి గడియారం ఆపి. "ఆ నీళ్ళు చూడు కొర్లమ్మా, ఎంత తేటగా ఉన్నాయో. నాచు ఉందంటే నమ్మలేం."

కిటికీ కింద ఆరు సీసాలున్నాయి. వాటికి రోజూ పొద్దున్నే మేత చుక్కలు వేసేది కొర్లమ్మే, పురిటి పిల్లలకి ఉగ్గు పట్టినట్టు. ఏ సీసాకి ఎన్ని చుక్కలో చీటీ అంటించి ఉంటుంది. కొన్నింటికి నల్లచుక్కలూ తెల్లచుక్కలూ రెండూ వేయాలి. అయిదోదానికి నల్లవి మాత్రమే.

"ఇందులో మంచినాచు చచ్చిపోయింది," అంది వసుమతి. "దాని ఒంటి మీద గాజుపెంకు ఉంటుంది. ఆ గాజు తెల్లమేతలోనే దొరుకుతుంది. మనం వెయ్యలేదు, పోయింది. ఇక మిగిలింది తోకనాచు. దానికి గాజు అక్కర్లేదు గానీ భాస్వరం కావాలి. అదీ తెల్లమేతలోనే ఉంది. నల్లమేతలో ఉండే నత్రజని మాత్రం దీనికి పీకలదాకా ఉంది. ఒకటి ఎక్కువై, ఒకటి కరువై, పెరగలేకపోతోంది. పెరగలేనప్పుడు ఊరుకోవచ్చుగా? ఊరుకోదు. తిన్నదంతా విషం చేసుకుని కూర్చుంటోంది."

"అంటే పెట్టినన్నాళ్ళు బాగుండి, కడుపు మాడితే కరిసే కుక్కనాగ."

"కుక్కయితే మొరుగుతుంది కదా. ఇది మొరగదు. రంగు కూడా మారదు." వసుమతి నోటుబుక్కు మూసింది. "మనకేం భయం లేదులే. మీ మొగపేటలో నల్లమేత, తెల్లమేత రెండు బిళ్ళలూ వేయిస్తున్నాం. పక్క తీరాలకి కూడా మేత ఇద్దామనుకుంటున్నారు కదా, ఎవరైనా ఒకటి వేసి ఒకటి మానేస్తే ఏమవుతుందో చూడమన్నారు పైవాళ్ళు. ఇచ్చినదాంట్లో సగం పారేసే వాళ్ళెవరుంటారని వాళ్ళతో వాదించాను కూడా."

కొర్లమ్మ ఆ తేటనీళ్ళ వైపే చూసింది. అప్పుడే నోరు విప్పి ఉంటే బాగుండేదని తర్వాత వెయ్యిసార్లు అనుకుంది.

"అమ్మా, నానోపాలి ఇంటికెల్లొత్తాను."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఎల్లొత్తాను."

చచ్చిన ఎలుకని గోతిలో వేయడం కూడా మరిచిపోయి ఆమె రోడ్డెక్కింది.

మొగపేట ఆమె పుట్టిల్లూ మెట్టిల్లూ కూడా. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నూటముప్పై గడపల ఊరు. ఆరేడేళ్ళపాటు సముద్రం గొడ్డుబోయింది. వల లాగితే పీతపిల్లలూ ప్లాస్టిక్ సంచులూ వచ్చేవి. బంగారి మొగుడిలాంటి వాళ్ళు బోట్ల మీద పనికి గుజరాత్ పోయారు. బంగారి కొర్లమ్మ ఒక్కగానొక్క కూతురు.

అలాంటప్పుడు, రెండేళ్ళ కిందట, పరిశోధనశాలవాళ్ళు ఈ మేత కనిపెట్టారు. పశువుకి పెట్టినట్టు సముద్రానికీ పెడితే నాచు పెరుగుతుంది, నాచుని తిని కవళ్ళలాంటి చిన్నచేపలు పెరుగుతాయి, వాటి వెనక వంజరాల్లాంటి పెద్దచేపలు వస్తాయి అన్నారు. పిడకంత బిళ్ళలు. నీళ్ళలో వేస్తే మునగవు. ఎండ తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం విచ్చుకుని కరుగుతాయి. నల్లదొకటి, తెల్లదొకటి, ఎప్పుడూ జంటగా వేయాలి. అమావాస్యకీ పున్నమికీ తెప్ప మీద తీసుకెళ్ళి మొగ దాటి వేసి రావాలి. అంతే పని.

మొదటి బిళ్ళలు ఊళ్ళోకి వచ్చిన రోజు ఊరిపెద్ద సూరాడ గురువులు తెల్లబిళ్ళని చేతిలో తిప్పి వాసన చూశాడు.

"ఒలే కొర్లమ్మా, నువ్వక్కడే గదా ఉంటావు. ఇది దేంతో సేత్తారే?"

కొర్లమ్మ షెడ్డులో చూసిందే చెప్పింది. ఊకబూడిదా, కబేళా నుంచి తెచ్చి కాల్చిన ఎముకల బూడిదా కలిపి అచ్చులు పోస్తారు అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు.

మొగపేటలో మాంసం తిన్న మగవాడు మర్నాడు తలకి పోసుకునేదాకా తెప్ప ముట్టడు. కోడి ఎముకైనా సరే, ఇసకలో పాతాలి గానీ నీటిలో పడకూడదు. చచ్చినవాళ్ళ బూడిద కూడా వాళ్ళు సముద్రంలో కలపరు, సరుగుడు తోటలో గొయ్యి తీసి పెడతారు. గంగమ్మ తల్లి చేపని ఇచ్చే నోటితో ఎముక తినదని వాళ్ళ నమ్మకం.

"తల్లి నోట్లో ఎముకలెడతామేట్రా?" అన్నాడు గురువులు తెల్లబిళ్ళని కింద పెట్టి, చేతులు ఇసకతో తోముకుంటూ. "నల్లది ఏద్దాం. తెల్లది తోటలో పాతిపెడదాం. ఇచ్చినోల్లనీ కాదనొద్దు, తల్లికీ అపచారం సెయ్యొద్దు. కొర్లమ్మా, ఆ డాక్టరమ్మకి సెప్పమాక. పాపం మనసు కట్టపెట్టుకుంటాది."

కొర్లమ్మ చెప్పలేదు. అబద్ధమూ ఆడలేదు. ఎవరూ అడగలేదు. వారం వారం పరీక్షకి నీళ్ళు పట్టుకెళ్ళే పరిశోధనశాల పడవ ఎక్కడో మూడు మైళ్ళ అవతల, గుర్తుకి కట్టిన తేలే డబ్బా దగ్గర పట్టుకెళ్ళేది. పోటుతో ఆ మేత వెనక్కి ఎక్కే ఉప్పుటేరు ఎవరి లెక్కలోనూ లేదు.

ఆ మొదటి ఏడు వలలు చిరిగేంత చేప పడింది. నీటిలో అంతకుముందు నుంచీ ఉన్న గాజూ భాస్వరమూ ఆ ఏడాది తిండికి సరిపోయాయని, సముద్రం పాత గాదె ఊడ్చి తింటోందని ఎవరికి తెలుసు? "సూసినావా, ఎముకల్నేకుండానే!" అని గురువులు తొడ చరిచాడు. రెండో ఏడు మాఘంలో నీళ్ళు తుప్పురంగు తిరిగాయి. చేపలు వెల్లకిలా తేలాయి. అలాంటి నీళ్ళప్పుడు గుల్లలు తినకూడదని మొగపేటలో పసిపిల్లకి కూడా తెలుసు, ఎవరూ తినలేదు. శివరాత్రి దాటేసరికి రంగు విరిగి, నీళ్ళు అద్దంలా అయిపోయాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

ఇప్పుడు చైత్రం. వేట నిషేధం మొదలై వారమైంది. రెండు నెలలు మోటారు బోట్లు ఒడ్డునే. ఈ రెండు నెలలూ ఊరికి దిక్కు ఉప్పుటేటి బురదలో దొరికే గుల్లలే.

ఆటో దిగి కొర్లమ్మ ఏటి గట్టు వెంట పరుగెత్తింది. పాటుకి ఏటినీళ్ళు దిగి ఉన్నాయి. పదిహేనుమంది ఆడవాళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి, గుల్లలు ఏరి బుట్టల్లో వేస్తున్నారు. నీళ్ళలో వాళ్ళ కాలివేళ్ళు కూడా కనిపిస్తున్నాయి. అంత తేటగా ఉన్నాయి.

"తియ్యకండర్రా! గుల్లలు తినకండి! ఇసం!"

నడుం ఎత్తి చూసింది నూకరత్నం, గురువులు కోడలు. గలగలా నవ్వే మనిషి.

"ఏటప్పా, ఆయాసపడతన్నావు? ఎవులు సెప్పినారు ఇసమని?"

"మేడం కాడ ఎలుక సచ్చిపోనాది."

"ఓలమ్మో! మేడంగారి ఎలుక సచ్చిందని మనం పస్తుండాలేటి?"

బురదలో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు.

"నవ్వకే గుంటా. ఎర్రనీల్ల కన్నా ఇయ్యే పాడు నీల్లంట."

"ఇయ్యా?" నూకరత్నం దోసెడు నీళ్ళెత్తి ఎండకి పట్టింది. "ఇందులో ఏటుందో సూపించు, మానేత్తాను. పోనీ రేపటి నుంచి నువ్వు మీ లేబొరేటరీ నుంచి బియ్యం అట్టుకురా, అప్పుడు మానేత్తాం."

తెల్లబిళ్ళ సంగతి చెప్పాలంటే గురువులు మాట ఎత్తాలి. కోడలి ముందు, పదిమంది ముందు, ఆ మాట ఎలా ఎత్తడం? కొర్లమ్మ వంగిన ముఖాలన్నీ వెతికి, "బంగారి ఏదీ?" అంది.

"పొద్దున్నే ఏరుకుని ఇంటికెల్లిపోనాది."

ఇంట్లో బంగారి గిన్నె ముందు కూర్చుని ఉంది. పళ్ళెం నిండా ఖాళీ చిప్పలు.

"వొచ్చినావా? నీకు సగం ఉంచినానే అమ్మా. ఇయాల గుల్లలు పెద్దయి, బలిసున్నాయి. కొత్తకారం గావాల, పెదాలు సిమసిమలాడతన్నాయి."

కొర్లమ్మ గిన్నె ఎత్తి బయట ఇసకలో విసిరేసింది.

"ఓసి నీ పిచ్చి! ఏటే ఆ పని?"

"కక్కు. ఏలెట్టి కక్కే!"

"ఎందుకే?"

"సెప్పినట్టు సెయ్యే తల్లీ, నీకు దండమెడతాను."

బంగారి తల్లి ముఖం చూసి నవ్వు మానేసింది. బయటకెళ్ళి కక్కింది. కొంచెమే వచ్చింది. లేచి నిలబడబోయి గుంజ పట్టుకుంది. "సేతులు తిమ్మిరెక్కుతున్నాయే," అంది. ఆసుపత్రికి ఆటో ఎక్కేటప్పటికి ఆమె మాట ముద్దగా వస్తోంది. సగం దారిలో మాటే రాలేదు.

ఆటోలో నుంచే కొర్లమ్మ వసుమతికి ఫోన్ చేసింది. ఫోన్లో ఏడుస్తూ, రోడ్డు మోతలో అరుస్తూ, తెల్లబిళ్ళల సంగతి మొత్తం చెప్పింది. సరుగుడు తోటలో రెండేళ్ళ బిళ్ళలు పాతి ఉన్నాయని చెప్పింది. ఎముకలని చెప్పింది తనేనని చెప్పింది.

"కొర్లమ్మా, విను," అంది వసుమతి. "దీనికి విరుగుడు మందు లేదు. కానీ ఊపిరి ఆగకుండా చూస్తే ఒక రోజులో విషం దానంతట అదే దిగిపోతుంది. వాళ్ళని గాలి కొట్టమను. ఆపకుండా. నేను బయల్దేరుతున్నాను."

ఆ ఆసుపత్రి మూడు గదులది. డాక్టరు జిల్లా కేంద్రంలో మీటింగుకి వెళ్ళాడు. నర్సు ఉంది. గాలి కొట్టే తిత్తి ఒక్కటి ఉంది, రబ్బరుది, ముక్కూనోరూ కప్పే గిన్నెలాంటి మూతితో. నర్సు దాన్ని బంగారి ముఖానికి అదిమి, ఎలా నొక్కాలో కొర్లమ్మకి చూపించింది.

"ఒకటి, రెండు, మూడు అనుకుని నొక్కు. వదులు. మళ్ళీ నొక్కు. ఆపావంటే పోతుంది."

కొర్లమ్మ నొక్కింది. బంగారి ఛాతీ లేచింది. వదిలింది. ఛాతీ దిగింది. బంగారి కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప కూడా వేయలేకపోతోంది. తెలివి మాత్రం ఉందని, అన్నీ వింటుందని నర్సు చెప్పింది. అందుకని కొర్లమ్మ మాట్లాడుతూనే ఉంది. "ఉన్నానే. నానిక్కడే ఉన్నానే. నిద్దరపోమాక." ఆ కళ్ళల్లో ఉన్నది భయమో, కోపమో, ఆమెకి తెలియలేదు.

గంట తిరక్కుండానే వాకిట్లో ఇంకో ఆటో ఆగింది. గురువులు కోడల్ని రెండు చేతుల మీద ఎత్తుకొచ్చాడు. నూకరత్నం తల వెనక్కి వాలి ఉంది. బురద ఇంకా ఆమె కాళ్ళకి ఆరలేదు. గట్టు మీదే నాలుగు గుల్లలు కాల్చుకు తిందట, కొర్లమ్మప్ప బెదురు చూసి నవ్వుకుంటూ.

నర్సు పెదాల మీద చెవి పెట్టి చూసింది. తన నోటితో రెండుసార్లు ఊదింది. లేచి రెండోసారి అంబులెన్సుకి ఫోన్ చేసింది. మళ్ళీ ఊదింది. ఆమెది బక్కపలచని ప్రాణం, పది నిమిషాలకే గోడకి చేరబడింది. తర్వాత గురువులు ఊదాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, బీడీలకి పోయిన రొమ్ము. నాలుగు ఊపిరులు ఊది దగ్గు ఆపుకోలేక పక్కకి ఒరిగాడు.

అప్పుడు అతను తిత్తి వైపు చూశాడు. నర్సు కూడా చూసింది.

"అప్పా," అన్నాడు గురువులు. కొర్లమ్మ అతనికి కూతురి వయసుది. ఏనాడూ ఆమెని అప్పా అని అక్క వరస కలపలేదు. "అప్పా, ఒక్క పదిమాట్లు. దీనికో పది, దానికో పది. వంతులేసుకుందాం."

కొర్లమ్మ చేతులు నొక్కుతూనే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. పది ఊపిరులు ఇటు, పది అటు. లెక్క ఎంత తేలిక. మూతి తీసి అక్కడ పెట్టి మళ్ళీ ఇక్కడికి తెచ్చేలోపు బంగారి ఛాతీ ఎన్నిసార్లు లేవకుండా ఉంటుందో ఆమె లెక్కపెట్టుకుంది. అయిదో సీసా ఎలుక పొట్ట కళ్ళ ముందు ఆడింది.

"నర్సమ్మా, అలా వంతులేత్తే బతుకుతారా ఇద్దరూ?"

నర్సు తల దించుకుంది. "తెలీదు," అంది.

కొర్లమ్మ తిత్తి ఇవ్వలేదు. గురువులు లాక్కోలేదు. లాక్కుంటే ఆమె కూడా వదిలేసేదేమో. అతను కోడలి పక్కన గచ్చు మీద కూర్చుని, దగ్గుకీ దగ్గుకీ మధ్య ఊదుతూనే ఉన్నాడు. మంచం మీద బంగారి రెప్పవేయకుండా పైకప్పుని చూస్తూ అన్నీ వింది.

వసుమతి కారు వచ్చేటప్పటికి పొద్దు వాలింది. ఆమె రెండు తిత్తులు తెచ్చింది. నూకరత్నం ముఖం మీద అప్పటికే గురువులు తన తలపాగా కప్పాడు. అంబులెన్సు ఇంకా రాలేదు.

వసుమతి తను తెచ్చిన తిత్తులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత వచ్చి కొర్లమ్మ పక్కన కూర్చుని, "నేను నొక్కుతాను, నువ్వు లే," అంది. కొర్లమ్మ లేవలేదు.

"తప్పు మాదే అమ్మా."

"అడిగితే నువ్వు చెప్పేదానివి. నేను అడగలేదు," అంది వసుమతి. "రెండేళ్ళు మీ ఊరి నీళ్ళు మోయించాను, ఒక్కసారి ఉప్పుటేటి గట్టున నిలబడలేదు. సగం పారేసేవాళ్ళెవరని నవ్వాను."

కొర్లమ్మ తిత్తి నొక్కుతూనే అడిగింది.

"ఇప్పుడా నల్లయి ఎయ్యడం మానేత్తే పోద్దా?"

"పోదు. ఇప్పటికే వేసింది ఏటి నిండా ఉంది. ఆకలి ఇంకా పెరుగుతుంది. విషం కూడా."

"మరి తోటలోయి తవ్వి తెల్లయి ఏత్తే? దానికి కావల్సింది అదే గదా?"

"వేస్తే ఒక్కొక్కదానిలో విషం తగ్గుతుంది. కానీ తిండి దొరగ్గానే ఒకటి వెయ్యి అవుతుంది. దాని తిండి పంచుకునే మంచినాచు ఇప్పుడు లేదు కదా, పోటీ లేదు. ఏరంతా అదే అవుతుంది."

"ఏసినా మానినా?"

"ఏసినా మానినా."

"గుల్లలు బాగా ఉడకబెడితే?"

"ఉడకబెట్టినా విషం పోదు. బతకడం కష్టమైతే ఆ నాచు గింజకట్టి బురదలో దిగి పడుకుంటుంది. ఎన్నేళ్ళయినా. మళ్ళీ ఎప్పుడు లేస్తుందో..." పెద్ద చదువులు చదివిన మనిషి, మంచం కోడు పట్టుకుని కూర్చుంది. "నాకు సముద్రానికి తిండి పెట్టడం తెలిసింది కొర్లమ్మా. పెట్టింది వెనక్కి తీసుకోవడం తెలీదు."

మర్నాడు పొద్దున్న బంగారి వేలు కదిలింది. మధ్యాహ్నానికి తనంతట తను ఊపిరి తీసింది. కొర్లమ్మ చేతుల్ని తిత్తి మీద నుంచి నర్సే విడదీయవలసి వచ్చింది, వేళ్ళు అలాగే బిగుసుకుపోయాయి.

బంగారి నోటి నుంచి మొదటిగా వచ్చిన మాట, "నూకరత్నమప్ప పోనాదేటే?"

"పోనాది."

బంగారి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజంతా తల్లితో మళ్ళీ మాట్లాడలేదు.

వారం తిరిగేసరికి మొగపేటలో గుల్లలు తిని పోయినవాళ్ళు నలుగురయ్యారు. ఏటి గట్టున సర్కారువాళ్ళు ఎర్రజెండాలు పాతారు. బియ్యం ఇస్తామన్నారు, ఒకసారి ఇచ్చారు. ఆరోరోజుకే జెండాల అవతల బురదలో ఇద్దరు ముగ్గురు వంగి కనిపించారు. కొర్లమ్మ వెళ్ళి వాళ్ళ బుట్టలు పట్టుకుని బతిమాలింది. "బోట్లు కదలడానికి ఇంకా నెలన్నర పైనే ఉంది. నువ్వెడతావా?" అన్నారు వాళ్ళు. కోపంగా అనలేదు.

అమావాస్య వచ్చింది. పరిశోధనశాల నుంచి బిళ్ళలు రాలేదు గానీ, గురువులు కొట్టంలో కిందటి పున్నమివి మిగిలి ఉన్నాయి. తోటలోవి కొందరు తవ్వి తెచ్చారు. తెప్ప దగ్గర ఊరంతా చేరింది. నల్లవి ఒక కుప్ప, తెల్లవి ఒక కుప్ప. కొందరు తల్లికి ఆకలి పెట్టినందుకే కోపం వచ్చిందన్నారు. కొందరు అసలు మేత ముట్టించడమే పాపమన్నారు. అరిచారు, ఏడ్చారు. చివరికి అందరూ గురువులు వైపు తిరిగారు.

గురువులు కొర్లమ్మ వైపు తిరిగాడు.

"ఆయాల నీ మాట మీద సేసినాం," అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. అలిసిపోయిన మనిషి దారి అడిగినట్టుంది. "ఇయాల కూడా నువ్వే సెప్పు. ఏద్దామా, మానేద్దామా?"

కొర్లమ్మ ఊరి ముఖాలు చూసింది. ఆడవాళ్ళ వెనక బంగారి నిలబడి ఉంది, ఇంకా ఒక కాలు సరిగ్గా మోపలేక. అందరి కళ్ళూ తన నోటి మీదే ఉన్నాయి. ఏసినా మానినా అని డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాలి. చెప్తే ఈ జనం చేతిలో ఏం మిగులుతుంది?

"నాకు తెల్దు మావా," అంది.

"డాక్టరమ్మకి?"

"ఆయమ్మకీ తెల్దు."

గురువులు మెల్లగా ఇసకలో కూలబడ్డాడు. కాసేపటికి కొర్లమ్మ అతని పక్కన కూర్చుంది, మూరెడు ఎడంగా. ఒకళ్ళొకళ్ళే మిగతావాళ్ళూ కూర్చున్నారు. తెప్పని నీళ్ళలోకి తోసినవాళ్ళు లేరు, ఒడ్డుకి లాగినవాళ్ళు లేరు. పోటు వచ్చి దాన్ని కొంచెం ఎత్తింది, మళ్ళీ దించింది. నీళ్ళు అడుగున గవ్వలు లెక్కపెట్టుకునేంత తేటగా, అందరి కాళ్ళ దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి.